ఏంజెల్ రెక్కలు కొరికిందెవరు?

ఏవండీ,

మీరు పోయి నేటికి ఏడాది. మీ అక్వేరియం సంగతొకటి చెప్పాలి.

ఏంజెల్ చేప రెక్కలు పీలికలయ్యాయి. పుండేమోనని అత్తయ్య తొట్టెలో పసుపు వేశారు. ఆ నీళ్ళు మార్చలేక నా నడుం విరిగింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే, అయినా ఈమధ్య దేనికైనా మాటా మాటా వస్తోంది.

తరవాత తొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కొరుకుతున్నవి మీరు తెచ్చిన నల్ల టెట్రా చేపలే! గుంపుగా ఉన్నప్పుడు వాటిలో అవే తరుముకునేవి, ఏంజెల్ జోలికి పోయేవి కావు. ఒక్కొక్కటే చచ్చిపోయి రెండు మిగిలాక దానిమీద పడ్డాయి. నా అనుమానం నిజమో కాదో చూద్దామని, పటమటలో ఇంకొన్ని టెట్రాలు కొని వదిలాను. చిత్రమండీ, వారం తిరక్కుండానే ఏంజెల్‌ని వదిలేశాయి! దాని రెక్కకు కొత్త అంచు మొలుస్తోంది, గాజులా ఉంది.

అత్తయ్య కూడా వచ్చి చాలాసేపు చూశారు.

"జనం పల్చబడితే అంతేనే అమ్మాయ్. పక్కనున్నవాళ్ళనే పీక్కుతింటాం" అన్నారు.

కాసేపటికి ఆవిడే ఫోను తెచ్చి నా చేతికిచ్చారు. గన్నవరంలో మీ చెల్లెలికి చేసి, ఈ వేసవంతా పిల్లలతో వచ్చి ఇక్కడే ఉండమన్నాను.