బకెట్లో పన్నెండు మందారం కొమ్మలు

ఏమండీ,

డ్యూటీకి టైమైపోయింది, వెళ్తున్నా. మీ అక్కయ్య అడిగిన ముద్దమందారం కొమ్మలు పెరట్లో బకెట్లో ఉన్నాయి, పన్నెండు. తడిగుడ్డ చుట్టి సాయంత్రంలోగా ఇచ్చి రండి.

ఏటవాలుగా కోసిన కొస మట్టిలోకి పోవాలని వదినకి తెలుసు. అందుకే ఈసారి మొదళ్ళని తిన్నగా, పైకొసల్ని ఏటవాలుగా కోశాను. ఆకులు కూడా దూసేశాను. కణుపులు చూసి పోల్చుకునేంత ఓపిక ఆవిడకెక్కడిది? తలకిందులుగా నాటుకుని, చిగురు కోసం రోజూ నీళ్ళు పోసుకుంటూ కూర్చోవడమే.

మూడేళ్ళు నేను కంటికి రెప్పలా పెంచిన చెట్టుని చూపించి, "ఇదంతా నా హస్తవాసి, మా మరదలు నాటితే గడ్డి కూడా మొలవదు" అని నలుగురిలో అందిగా! ఆ హస్తవాసి ఏపాటిదో ఇప్పుడు చూద్దాం.

మీ భోజనం బల్ల మీద మూతపెట్టి ఉంచాను. చల్లారకముందే తినండి.

ఇంకోమాట. అక్కయ్య మీద జాలేసి నిజం చెప్పేయాలనిపిస్తే నిక్షేపంగా చెప్పండి. ఆ రోజు అందరితోపాటు మీరూ నవ్వారు, నేను చూశాను. కొమ్మలు మీరే స్వయంగా కోశారని పొద్దున్నే వదినకి ఫోన్ చేసి చెప్పేశాను.