కుళాయి దగ్గరి బండకి తాడు కట్టారు

మావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడేళ్లు. ఏటా ఈ రోజున, నువ్వు రేవు పనికి వేసుకెళ్లిన ఖాకీ చొక్కా పెట్టెలోంచి తీసి ఉతికి ఆరేస్తాను. ఈసారి ఆ వీలు కూడా లేదు. కుళాయి దగ్గర మనం బట్టలుతికే బండ చుట్టూ తాడు కట్టారు. కట్టింది పరాయివాళ్లు కాదు, నీ మనవరాలే.

అది కాలేజీలో టూరిజం చదువుతోంది. కలకత్తా అంతా ఒండ్రుమట్టేనట, ఇక్కడ కనిపించే ప్రతి రాయీ ఎక్కడినుంచో వచ్చిందేనట. ఈ ఊళ్లో బట్టలుతకడానికి ఒక్క రాయైనా లేదని కాపురానికొచ్చిన వారానికే నీతో పోట్లాడాను. నాకెవరూ డిగ్రీ ఇవ్వలేదు.

ఇప్పుడు ఆదివారమైతే చాలు, మన మెటియాబ్రుజ్ సందులోకి మనవరాలి వెంట జనం గుంపులుగా వచ్చి బండకి ఫొటోలు తీస్తున్నారు. మొన్న ఒకాయన "మాసీమా, ఎక్టు సోరున్" అంటూ నన్నే పక్కకి జరగమన్నాడు.

"మరి నాను బట్టలేటి మీద ఉతకాలే?" అని మనవరాలిని అడిగాను.

"బకెట్లో ఉతుక్కో అమ్మమ్మా. సరుకు లేని ఓడ ఒరిగిపోకుండా అడుగున వేసిన రాయి అది. రేవు నుంచి ఈ సందులోకి ఎలగొచ్చిందో ఎవలికీ తెల్దు."

"మీ తాతే మోసుకొచ్చినాడు. నాను పోరు పెడితే."

అది వెంటనే నోటుబుక్కు తెరిచింది. "దానికి ఆధారం ఏటైనా ఉందా?"

ఆ బండ ఒరుసుకుని నీ కుడి భుజం మీద పడ్డ మచ్చ ఉండేది కదా. దాన్ని ఇప్పుడు ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించను?