లోపలికి తిప్పిన ఇటుకలు

కోలీటన్, దక్షిణ కరోలినా,
14 అక్టోబరు 2023

ప్రియమైన అలాంజోకి,

థాడియస్ రాస్తున్నాను. నేను, నా మోకాళ్ల నొప్పులు కులాసా. సవానాలో నువ్వూ ఎడ్నా ఆరోగ్యంగా ఉన్నారని మీ చెల్లెలు చర్చిలో చెప్పింది. ముప్పై అయిదేళ్ల తర్వాత వీడికి నేనెలా గుర్తొచ్చానా అనుకుంటావు. చించెయ్యకుండా చివరిదాకా చదువు.

బానిసల కాలపు పాత ఇటుకలతో మనం తిరగకట్టిన యూనివర్సిటీ తోట గోడ పొట్ట ఉబ్బితే మొన్న వేసవిలో కొంత విప్పారు. బానిసల చేత ఏమేం చేయించుకున్నామో తవ్వి తీస్తామని వాళ్లిప్పుడు ఒక కమిటీ వేశారులే. గోడ లోపలి వైపు పదకొండు ఇటుకల మీద, వాటిని చేసిన బానిస పిల్లల వేళ్ల గుర్తులు కనబడ్డాయట. పాత కాగితాల్లో నా పేరు చూసి, మారిబెత్ అనే ప్రొఫెసరమ్మ మా ఇంటికొచ్చింది. "వానకీ ఎండకీ అరిగిపోకుండా మీరే వీటిని లోపలికి తిప్పి దాచారు కదండీ?" అంది. నేను నోరు విప్పలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

పోయిన శనివారం పెద్ద సభ. యూనివర్సిటీ పెద్ద మన తాతముత్తాతలకి క్షమాపణ చెప్పాడు, తర్వాత నా పేరు పిలిచాడు. అందరూ లేచి చప్పట్లు. ముందు వరసలో మా అమ్మాయి వెర్నెల్ కళ్లు తుడుచుకుంటోంది. నేల చీలితే బాగుండుననిపించింది. గోడకి నా పేరుతో ఇత్తడి పలక కూడా పెడతారట.

గోడ కడుతున్న ఆ రోజు నువ్వు ఒక గుర్తులో చిటికెన వేలు పెట్టి చూశావు. పట్టలేదు. "ఏడేళ్ల పిల్లరా ఇది! పచ్చి ఇటుక తిరగేస్తూ నొక్కింది. బయటికే పెడదాం, చూసి చావనీ అందరూ" అన్నావు. లోపలికి తిప్పమని మన చేత పని చేయిస్తున్న హట్సన్ దొర చెప్పాడన్నాను. "దొర చెప్తే నీకు వెన్నుపూస ఊడిపోతుందేంట్రా?" అని తాపీ విసిరేసి, ఆయన మొహం కూడా చూడకుండా వెళ్లిపోయావు. మళ్లీ ఈ ఊళ్లో పని అడగలేదు. ఆ పదకొండూ నేనొక్కణ్ణే పేర్చాను.

ఆ పలక మీద ఉండాల్సింది ఎవరి పేరో నాకు తెలుసు. పలక పోత పోయించడం ఆపమని మారిబెత్‌కి ఫోన్ చేశాను. సోమవారం వెళ్లి ఎందుకో చెప్తాను.

సిగ్గుతో,
థాడియస్ గాడ్స్‌డెన్

తా.క. హట్సన్ దొర ఏమీ చెప్పలేదు. "ఇటుక ఏ మొహం బయటికి పెట్టినా నాకొకటే, గోడ నిలబడితే చాలు" అన్నాడు. తిప్పింది నేను. ఆ ఏడే వెర్నెల్‌కి అక్కడ సీటొచ్చింది. తెల్ల పిల్లలతో కలిసి రోజూ ఆ గోడ పక్కనుంచే క్లాసుకెళ్లాలి. వాళ్లు ఆ వేళ్లని చూసి, తర్వాత నా కూతురి వేళ్ల వంక చూస్తారని భయపడ్డాను. నిన్న దానికి చెప్పేశాను. "నాలుగేళ్లు అక్కడ మనవాళ్లలో నేనొక్కదాన్నే ఉన్నాననుకున్నాను నాన్నా" అంది.