పొద్దుటి బండి ఇరవై ఒక్క నిమిషాలు

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

ఈ నెల ఒకటో తేదీ ఉదయం 10:41కి మన హాల్టుకు వచ్చిన ప్యాసింజరు 11:02 దాకా కదల్లేదు. ఆ రోజు నుంచి రోజూ అంతే. ఇక్కడ నేనూ నీ మరదలూ కులాసా. నా మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. దాన్ని పట్టించుకునే తీరిక లేదు, అలిగి తగ్గినట్టుంది. అక్కడ నువ్వూ అమ్మాయీ బాగున్నారని తలుస్తాను.

రోజుకు పదిహేను లీటర్ల పాలు ఎందుకని అడిగావు. పాలవాడి నోట్లో నువ్వుగింజ నానదు. సంగతి ఇది: ఎప్పుడూ ఒక్క నిమిషం ఆగే బండి ఇరవై ఒక్క నిమిషాలు ఆగాలని కొత్త టైంటేబుల్లో అచ్చయింది. గార్డు అచ్చులో ఉన్నది దాటడు. మొదటి రోజు జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఏమైందని అడిగితే, ఇంకా టైము కాలేదన్నాడు. ఒక ముసలాయన దిగి, పట్టాల పక్కనున్న మన సత్రం చూసి, టీ దొరుకుతుందా అన్నాడు. ఆయన వెనక పదకొండు మంది వచ్చారు. మూడో వారానికి నలభై దాటారు. గోడకున్న గుర్రాలు కట్టే ఇనుప కడియాలను పిల్లలు లాగి చూస్తున్నారు. నూట అరవై ఏళ్ల సత్రమని చెబితే ఇద్దరు టీచర్లు సామాను దించుకుని మేడగదిలో రెండు రోజులు ఉండిపోయారు. నీ మరదలు కోడిగుడ్డట్లు వేస్తోంది. నీ అంత పలచగా రావు. నేను రాశానని దానితో అనకు.

సత్రాన్ని గోడౌనుకు అడిగిన ధాన్యం వ్యాపారికి ఆదివారం మాట ఇచ్చేయనా అని రాశావు. దానికి జవాబు చెప్పాలంటే నీ దగ్గర దాచింది ముందు చెప్పాలి.

హాల్టులో టికెట్లు అమ్మేది నేనే కనుక, అచ్చుకు ముందు ఆ టైంటేబుల్ కాగితం సరిచూసి సంతకం పెట్టమని నాకే పంపారు. ఒకటికి బదులు ఇరవై ఒకటని తప్పు కనిపించింది. అప్పుడు మేడ మీద నువ్వు, బస చేసేవాళ్లు లేక సత్రం మూసేద్దామని, పరుపులు చుట్టి తాళ్లు కడుతున్నావు. ఆ చప్పుడు వింటూ సంతకం పెట్టాను. నీకు చెబితే ఆశపడతావు, వాళ్లు దిద్దేస్తే మళ్లీ పరుపులు చుట్టుకోవాలి. అందుకే నోరు మూసుకున్నాను.

మొన్న మంగళవారం రైల్వే ఇన్‌స్పెక్టరు అదే బండిలో దిగాడు. గడియారం చూసుకుని, కాగితం తీసి నా సంతకం చూపించాడు.

"చూడకుండా పెట్టారా?"

"చూసే పెట్టానండి."

"చూడలేదంటే పోయేదిగా."

"అబద్ధమాడి రేపు మా అక్కకి ఏం చెప్పుకోనండి?"

ఆయన నవ్వలేదు. నీ మరదలు పెట్టిన అట్టు తిని ఇంకోటి అడిగాడు. ఈలోగా గార్డు తన పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు. ఇన్నాళ్లూ ఆ బండి జంక్షను బయట, ఎక్స్‌ప్రెస్ దాటేదాకా ఇరవై నిమిషాలు పొలాల మధ్య నిలబడేది. ఈ నెలలో ఒక్క రోజూ అక్కడ ఆగలేదు. చివరి స్టేషనుకు చేరే వేళ ఒక్క నిమిషం కూడా మారలేదు. మొదటి రోజు నుంచీ గార్డు ఇదంతా రాసి పెట్టాడట, నాకు ఒక్క ముక్క చెప్పలేదు.

"ఎలాగూ ఆగాల్సిన బండే కదా సార్. టీ దొరికేచోట ఆగుతోంది" అన్నాడు గార్డు.

నిన్న మధ్యాహ్నం 3:10కి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి నాకు మందలింపు. తగిందే, దాచుకున్నాను. రెండోది ఉత్తర్వు: ఇరవై ఒక్క నిమిషాలు ఖాయం. నీ మరదలు నాలుగుసార్లు చదివించుకుని, అప్పటికప్పుడు మేడ మీదికెళ్లి మిగతా పరుపులకు కట్టిన తాళ్లూ విప్పేసింది.

కనుక వ్యాపారికి మాట ఇవ్వకు. నన్ను తిట్టాలనుంటే ఉత్తరంలో వద్దు, ఎదురుగా తిట్టు.

ఉత్తర్వు సోమవారం నుంచి అమలు. ఆ రోజు బండికే రా. మన ప్లాట్‌ఫారం పొట్టిది కదా, ముందు రెండు పెట్టెల్లోనే ఎక్కు. 10:41కి దిగుతావు. 11:02 లోపల నలభై మందికి టీ అందాలి.

ఇట్లు,
తిట్లకు సిద్ధంగా ఉన్న
నీ తమ్ముడు