సారా గిన్నెతో కొలిచిన నూనె

యోంగ్‌షెంగ్, నేను ఏడింటి బస్సుకి చోంగ్‌చింగ్ ఫ్యాక్టరీకి వెళ్ళిపోతున్నాను. జావ కుండలో ఉంది. నాన్నకి ముల్లంగి ఊరగాయ చిన్న ముక్కలు చేసి పెట్టు. పాత ఇనుపసామాన్లవాడు నాలుగింటికి వచ్చి మోటారుసైకిలు తీసుకుపోతాడు. అప్పటిదాకా నాన్న ఇంజను విప్పుకుంటానంటే విప్పుకోనీ, అడ్డుపడకు.

అది ఇక బాగుపడదని మనిద్దరికీ తెలుసు. మనం పుట్టకముందు కొన్న జియాలింగ్ బండి అది. ఇన్నేళ్ళూ ఆయన సారా గిన్నెతో కొలిచి పెట్రోలులో నూనె కలిపాకే టాంకులో పోశాడు. నువ్వు ఒక్కరోజు తీసుకెళ్ళి ఉత్త పెట్రోలు పోశావు, ఇంజను పట్టేసింది. మతిమరుపు మొదలైంది కదా, "నూనె కలపడం నేనే మరిచానమ్మా" అని రోజూ నా దగ్గర ఏడుస్తున్నాడు. నువ్వేమో పక్కనే కూర్చుని వింటావు. బండి పోయేలోపైనా ఆ తప్పు నీదని ఆయనకి చెప్పు.

అక్క

తా.క. ఇక చెప్పనక్కర్లేదులే. నేను చెప్పులేసుకుంటుంటే నాన్న వాకిట్లోకి వచ్చి, "ఎవరిదమ్మా ఈ బండి?" అనడిగాడు. ఆయనే మళ్ళీ, "ఎవరిదైనా సరే, నూనె కలపకుండా నడపొద్దని చెప్పు" అన్నాడు.