సెలవు రద్దు చేసుకో తమ్ముడూ

కరుమలైపట్టి,
ఉసిలంపట్టి తాలూకా.
మంగళవారం, 9-6-1987.

చిరంజీవి తమ్ముడు, పటాలంలో నాయక్ కాసిమాయన్‌కు నీ అక్క పేచ్చియమ్మాళ్ దీవించి రాసే సంగతులు.

అమ్మా నేనూ ప్రాణాలతో ఉన్నాం. క్షేమమని కూడా రాయాలి గానీ, ఉత్తరం చివరిదాకా చదివి ఆ మాట నువ్వే వేసుకో. అక్కడ మంచు ఎక్కువగా ఉందని రాశావు. చెవులకు గుడ్డ కట్టుకో. మీసం కనబడాలని ముఖం విప్పుకుని తిరక్కు.

ముందు అసలు సంగతి. నీ సెలవు రద్దు చేసుకో. ఈ నెలలోనే రైలెక్కి వచ్చి తవసి మామ తల తీసి నాన్న సమాధి మీద పెడతానని రాశావు కదా, ఆ పని అయిపోయింది. తల పూర్తిగా తెగలేదు గానీ మనిషి చచ్చాడు. నువ్వు వచ్చి కొట్టడానికి ఇక్కడ ఎవడూ మిగల్లేదు.

నాన్న చావు నీకు టెలిగ్రాంలో రెండు ముక్కలుగా తెలిసింది. మిగతాది ఇప్పుడు విను. కరుప్పసామి జాతరలో మొదటి తలపాగా మన ఇంటికే కడతారు. తాత బర్మా యుద్ధం నుంచి తిరిగొచ్చినప్పటి నుంచీ పటాలం ఇంటికే ఆ మర్యాద. ఈసారి మామ తనకు కట్టమన్నాడు. ఏటి ఇసుక అమ్ముకుని లారీలు కొన్నాడు కదా, ఇక తలపాగా ఒక్కటే తక్కువైంది! నాన్న సుబేదారు దుస్తులు వేసుకుని, పతకాలన్నీ పెట్టుకుని వెళ్ళి నిలబడ్డాడు. పూజారి తలపాగా కట్టాడు. బావా, ఈ వయసులో నీకెందుకీ వేషం, ఇలా పడెయ్ అంటూ మామ నవ్వుతూ దాని మీద చెయ్యేశాడు. నాన్న ఆ చెయ్యి విదిలించి, తలతో సహా తీసుకోరా, తల ఉండగా మాత్రం ఇవ్వను అన్నాడు. మామ పక్కకు తప్పుకున్నాడు.

ముఖాలకు తుండుగుడ్డలు కట్టుకున్న ఇద్దరు జనంలోంచి దూకారు. మొదటి వేటు భుజం మీద పడింది. నాన్న పడలేదు. రెండోదానికి మోకాలు రెండుగా చీలింది. అప్పుడు కూడా ఒంటికాలి మీద తిన్నగా నిలబడబోయాడు, పిచ్చిమనిషి. తర్వాతది మెడ మీద. రొమ్ము మీది పతకాలు పీకి పొంగలి పొయ్యిలో పారేశారు. మామ చేతులు కట్టుకుని చూశాడు. ఊరంతా చూసింది. ఒక్కడూ కదల్లేదు, వాళ్ళ నోట్లో మన్ను పడ!

అమ్మ ఏడవలేదు. శవం లేచేటప్పుడూ ఏడవలేదు, గాజులు తీసేటప్పుడూ ఏడవలేదు. నువ్వు రాశావు చూడు, అమ్మకు మొగుడి కన్నా తమ్ముడే ముఖ్యం, అందుకే కంట్లో నీటి చుక్క లేదని, ఆ ఉత్తరం నాకన్నా ముందు ఆవిడే చదివింది. మడిచి జాకెట్లో పెట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. నీకు నోటి దురద చిన్నప్పటి నుంచీ ఉంది. పటాలం కూడా దాన్ని తగ్గించలేకపోయింది.

మామ బెయిలు మీద బయటికొచ్చాడు. సాక్ష్యం చెబుతానన్న కుమ్మరి ఒచ్చప్పన్‌ను లారీ వెనక కట్టి ఏటి ఇసుకలో ఈడ్పించాడు. ఒంటి మీద చర్మం మిగల్లేదు, వారం బతికాడు. ఊరు భయపడింది గానీ, మామ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వాడికి అది కడుపుమంట. కరుప్పసామి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తానని చాటింపు వేయించాడు. అరచేత్తో కర్పూరం ఆర్పి నేను చంపించలేదు అంటే చాలు, ఇక కోర్టు ఏమన్నా మనవాళ్ళకు పట్టదు.

ఆ ప్రమాణం ఎలా జరుగుతుందో తెలుసు కదా. పూజారి కర్పూరం వెలిగించి, తలుపు మూసి బయటికి వచ్చేస్తాడు. లోపల ఆ పక్షం, ఈ పక్షం, సామి. మన పక్షాన నువ్వు లేవు గనక అమ్మా నేనూ వెళ్ళాం. ఆయుధంతో దాటకూడదు గనక మామ మనుషులు కత్తులు పట్టుకుని గుడి సరిహద్దు రాయి దగ్గరే ఆగిపోయారు. వాడు చొక్కా విప్పి ఉత్త చేతులతో వచ్చాడు. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకతి తోడబుట్టిన అక్క, ఇంకేం భయం? మొక్కుబడి వేటకొడవళ్ళు సామి చుట్టూ నాటే ఉన్నాయి. సామికిచ్చినవి మనిషన్నవాడు ముట్టడని వాడి నమ్మకం.

అక్కా, దీవించు అని అమ్మ కాళ్ళు మొక్కాడు. నన్ను చూసి, ఏమే పేచ్చీ, రేపటి నుంచి నీ మిలిటరీ హోటలుకు మాంసం నేనే పంపిస్తాలే, మొహం మాడ్చుకోకు అని నవ్వాడు. తర్వాత కర్పూరం మీద అరచెయ్యి నొక్కి, బావను నేను చంపించలేదు సామీ అన్నాడు.

అప్పుడు నేను కొడవలి పీకాను. మొదటి వేటుకు మణికట్టు తెగి చెయ్యి కర్పూరం పళ్ళెంలోనే పడింది. వాడు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. రెండోది మెడ మీద వేశాను. కొడవలి ఎముకలో ఇరుక్కుంటే వీపు మీద కాలు పెట్టి లాగాను. నెత్తురు సామి మట్టి గుర్రం మీదికి చిమ్మింది. వాడు పాక్కుంటూ వెళ్ళి, మిగిలిన చేత్తో అమ్మ కుచ్చిళ్ళు పట్టుకుని అక్కా అక్కా అన్నాడు. అక్కడే ఇంకొకటి వేశాను. రోజూ మేకల్ని కోసే చెయ్యి నాది.

ఇదంతా నిన్న మధ్యాహ్నం. తలుపు తీయగానే మామ మనుషులు కత్తులు పారేసి పరుగెత్తారు. సామే కొట్టాడని ఊరు ఒకే మాట చెబుతోంది. ఇన్‌స్పెక్టరు నవ్వి, మీ సామిని రేపు పొద్దున్నకల్లా స్టేషనుకు పంపించండి, లేకపోతే ఊరు ఊరంతా లోపలేస్తా అన్నాడు. నేను వెళ్తాను. నువ్వు మాత్రం ఆ పటాలం బట్టలు విప్పకు. నువ్వు చంపి ఉంటే ముందు నీ భుజం మీది పట్టీలు పీకి, తర్వాత సంకెళ్ళు వేసేవాళ్ళు. నాన్న దాన్ని ఓర్చుకోగలడా చెప్పు? అమ్మకు ఒక మంచి మాట రాయి. తప్పయిందని రాయి.

ఇట్లు,
నిన్ను చంకనేసుకుని తిరిగిన
నీ అక్క పేచ్చి.

తా.క.: కాసీ, ఇది మీ అమ్మ రాస్తున్నది. ఉత్తరం అంటించమని నాకిచ్చి పేచ్చి స్నానానికి పోయింది. అది రాసింది అబద్ధం నాయనా. వేట్లన్నీ నావి. అది గోడకు అతుక్కుని ముఖం కప్పుకుంది, మేకలు కోసినంత మాత్రాన మనిషిని కొయ్యగలరా. దానికి ఇంకా ముప్పై నిండలేదు, జైల్లో మగ్గనివ్వను. వాడు అక్కా అన్నది నిజమే. పాలు తాగే వయసులో తల్లి పోతే నేనే పెంచాను. అందుకే ఆఖరి వేటుకు కొంచెం ఆలస్యమైంది. నేను ఏడవలేదని రాశావు. ఏడిస్తే వాడు నన్ను నమ్మేవాడా, నా ఎదుటికి ఒంటరిగా వచ్చేవాడా? పేచ్చి తల తుడుచుకుని వచ్చేలోగా నేను స్టేషనుకు పోతున్నాను, దారిలో ఇది పోస్టులో వేస్తాను. జవాబు దానికి రాయి, ఒక్కతే ఉంటుంది.