జోడీ విడిపోయిన రోజు

విజయనగరం,
12 ఆగస్టు 2015.

కూర్మక్కకు చెల్లెలు ఈశ్వరి నమస్కారాలు. ఇక్కడ నాన్నా నేనూ బాగున్నాం. ఖరగ్‌పూర్‌లో నువ్వూ బావా, మీ అమ్మాయి అనితా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నా మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కగలుగుతున్నాను, పరుగెత్తలేను. పద్నాలుగేళ్ల టెన్నిస్, దేశం తరఫున ఆడిన రెండు పోటీలు, పేపర్లో ఫొటోలు, అన్నీ పోయినేడుతో అయిపోయాయి. ఇప్పుడు పిల్లలకు ఆట నేర్పుతున్నాను. శ్రీకాకుళం క్లబ్బులో కోర్టుకు నీళ్లు చల్లి రోలరు లాగిన అలవాటు నాన్నకింకా పోలేదు. రోజూ పొద్దున్నే నాతో వచ్చి, "ఈ గీతలేటి, ఇలా వంకరగున్నాయి?" అని అందరినీ కేకలేస్తాడు.

అనిత రాకెట్ పట్టిందనీ, వచ్చే వేసవికి నా దగ్గర ఉంచుతాననీ రాశావు. అది చదివి మూడు వారాలు జవాబు రాయలేకపోయాను. పిల్లను నాకు అప్పగించే ముందు నీకొక సంగతి తెలియాలి.

హైదరాబాద్ శిబిరానికి ఎంపిక జరిగిన రోజు మనిద్దరం డబుల్స్ గెలిచాం. నీ మడమ బెణికింది. నువ్వు కట్టు కట్టించుకుంటుండగా సెలెక్టర్ నన్ను పిలిచి, "మీ అక్క చాలా బాగా ఆడుతోంది. కాలు ఎప్పటికి నయమవుతుందట?" అని అడిగాడు. రెండు వారాలని డాక్టరు అప్పటికే చెప్పాడు. నేను మాత్రం, "మా అక్కకి పెళ్లి కుదిరిందండి. ఇంక ఆడదు" అన్నాను. నా కళ్లముందే ఆయన నీ పేరు కొట్టేశాడు.

నువ్వు లేవలేక, గోడకంటించిన జాబితా నాచేతే చదివించుకున్నావు. "ఏటే, నా పేరు నేదా? మల్లీ సూడు" అన్నావు. మళ్లీ చూసినట్టు నటించాను. "సర్లే, నువ్వెల్లు. మనింట్లోంచి ఒకలెల్లినా సాలు" అని నీ బూట్లు నాకిచ్చావు. నేను కల్పించిన పెళ్లి మరుసటేడు నిజమైంది.

నీ మీద నేనెప్పుడూ గెలవలేదక్కా. నువ్వూ వస్తే అక్కడ కూడా నీ వెనకే ఉండిపోతానని భయపడ్డాను. తర్వాత గెలిచిన ప్రతిసారీ విలేకరులకు, నాకు ఆట నేర్పింది మా అక్కేనని చెప్పాను. ఆ పేపర్లు నువ్వు దాచుకుంటున్నావని బావ చెప్పిన రోజు అన్నం సయించలేదు.

నిన్న నాన్నకు చెప్పాను. "అక్కకి రాయి" అన్నాడు. ఈ ఉదయం నాతో కోర్టుకు రాలేదు.

అనితను పంపినా, పంపకపోయినా, నీ చేత్తో నువ్వే రాయి. బావ చేత ఫోను చేయించకు. తిట్లయినా సరే, నీవే కావాలి.

ఇట్లు,
నీకు అన్యాయం చేసిన చెల్లెలు,
ఈశ్వరి